గాల్లో ఉన్న నాన్న

కార్టూన్‌లో మాంత్రికుడు గాల్లోకి లేవగానే కిందున్నవాళ్లంతా సాగిలపడ్డారు. "ఎంత పవరో చూడమ్మా!" అన్నాడు మా అబ్బాయి. నాకు చిర్రెత్తుకొచ్చింది.

చిన్నప్పుడు భిలాయిలో విశ్వకర్మ పూజ రోజున కార్మికుల ఇంటివాళ్లను ఉక్కు ప్లాంటులోకి రానిచ్చేవారు. ఓసారి అలా వెళ్లేసరికి నాన్న పైన, షెడ్డు కప్పుకి దగ్గరగా, క్రేన్ క్యాబిన్‌లో డ్యూటీలో ఉన్నాడు. గాల్లో ఉండేవాళ్లకే మహాశక్తులని కథల్లో చదివిన నేను, నాన్నని మించినవాడు లేడని పొంగిపోయాను. అంతలో కింద నిలబడి క్రేన్‌కి సైగలిచ్చే ఖలాసీ భయ్యా చెయ్యెత్తితే నాన్న హుక్కు ఎత్తాడు, చెయ్యి దించితే దించాడు.

నాన్న దిగగానే నిలదీశాను. "ఏటి నాన్నా, ఆ భయ్యా ఎలా ఆడిస్తే అలా ఆడతావేటి?"

"కింద మనుషులుంటారమ్మా. పైనున్నోడు కిందోడి చెయ్యి సూడకపోతే ఎలాగ?"

ఆ జవాబు నాకప్పుడు నచ్చలేదు. ఇప్పుడు మాత్రం, పైకి లేచి కిందికి చూడని ఏ మాంత్రికుడికీ నేను దండం పెట్టను.