ఆర్వల్ టోపీ తీస్తే

ఆర్వల్ ప్రూయెట్ టోపీ తీశాడంటే ఆ రోజుకి ఎవరి పనో అయిపోయిందన్నమాట. ఓక్లహామా ఎర్రమట్టి గుట్టల మధ్య నెలనెలా జరిగే తుపాకీ పోటీల్లో ఆయన పర్యవేక్షకుడు. నియమం తప్పినవాళ్లను పోటీ నుంచి తప్పించే ముందు టోపీ తీసి గుండెకు ఆనించుకుని, శవయాత్ర ఎదురైనవాడిలా తల వంచుకునేవాడు.

నియమం చిన్నదే. రైఫిల్ పని కాగానే, పేలకుండా ఆపే సేఫ్టీ మీట వేసి, గొట్టం నేలవైపు ఉండేలా పక్కనున్న పీపాలో దించాలి. ఆ తర్వాతే నడుముకున్న పిస్టల్ మీద చెయ్యి వెయ్యాలి.

ఒకసారి పోటీకి వరుసలో నిలబడ్డ డార్విన్ అనే కుర్రాడు ఆయన బోడిగుండు చూసి నిలువునా నీరుగారిపోయాడు.

"నేనేం చేశానండీ? ఇంకా తుపాకీ ముట్టుకోనే లేదు!"

"దురద, నాయనా. గోక్కోనీ."

అదే వరుసలో ఉన్న కార్లీన్ కూడా అప్పుడు పడీపడీ నవ్వింది. ఈ ఏడు మాత్రం నవ్వే స్థితిలో లేదు. ఐదేళ్ల ప్రయత్నం తర్వాత అందరికంటే ముందుంది. ఈ చివరి అంచె దాటితే రాష్ట్ర జట్టులో చోటు.

రైఫిల్‌తో నాలుగు లక్ష్యాలూ కొట్టింది. దాన్ని పీపాలో దించి పిస్టల్ తీసింది.

"ఆపు!"

ఆమె పిస్టల్ ఖాళీ చేసి ఒరలో పెట్టేదాకా ఆగి, ఆర్వల్ పీపాలోకి తొంగిచూశాడు. టోపీ మెల్లగా కిందికి దిగింది.

"మీట వేశాను! నా వేలికి తెలుసు!"

"వచ్చి చూడు తల్లీ."

చూసింది. వెయ్యలేదు. లోపల తూటా కూడా ఉంది.

"పీపాలోనే ఉంది కదా, ఎవరికి తగులుతుంది?"

"దాన్ని బయటికి తీసేది మన సహాయకుడు లూథర్. వాడికి ముగ్గురు పిల్లలు."

కార్లీన్ తన ట్రక్కువైపు నడిచింది. వెనకే ఆర్వల్. టోపీ ఇంకా చేతిలోనే ఉంది. ట్రక్కు వెనక చెక్క మీద కూర్చోబెట్టి, ఓ పొట్లం ఆమె చేతిలో పెట్టాడు.

"మా ఆవిడ ఎప్పుడూ రెండు శాండ్‌విచ్‌లు కడుతుంది. ఒకటి నాకు. ఒకటి నేను తప్పించినవాళ్లకి."

ఒక్క ముక్క కొరికిందో లేదో, కళ్లల్లోంచి ధారగా నీళ్లు.

"ఏమిటండీ ఈ మంట!"

"ఆ రెండోదాంట్లో పచ్చిమిరపకాయలు దండిగా కూరుతుంది."

"ఎందుకూ?"

ఆర్వల్ గుట్టలవైపు చూశాడు. "ఇంతమంది ముందు కళ్లు తుడుచుకోవాలంటే ఏదో ఒక సాకు ఉండాలి కదా."

కార్లీన్ కరువుతీరా ఏడ్చింది, తిన్నది. ముక్కు తుడుచుకుని, "ఇంకోటి ఉందా?" అంది.

ఆర్వల్ తన పొట్లాన్ని వెనక్కి జరుపుకున్నాడు.

"ఉంది గానీ, ఇది చప్పిడిదమ్మా. ఏడవడానికి పనికిరాదు."