కొసరుకో గడి

మా ఇంట్ల పొద్దుగాల నాలుగున్నరకు లేవాలె. లేవకుంటె బర్రెలు ఏమనవు, బాపే అంటడు. కిషన్‌బాగ్‌ల మాది పదకొండు బర్రెల కొట్టం. పొద్దున పాలు పోసొచ్చినంక సాయంత్రం మల్ల ఇల్లిల్లు తిరిగి, "రేపు ఎంత పొయ్యాలె?" అని అడిగొచ్చుడు నా డ్యూటీ. నేను చదివింది కంప్యూటర్ సైన్సు.

గా సాయంత్రం తిరుగుడు తప్పించుకుందామనే వెబ్‌సైటు రాసిన. అందులనే రేపటి పాలు చెప్పుకోవచ్చు. దీన్ని పెద్దోళ్లు కుటుంబ వ్యాపారాన్ని ఆధునికం చేసుడు అంటరు. నేను బద్ధకం అంట.

రాసింది రస్ట్ అనే భాషల. మస్తు కట్టుబాట్లున్న భాష. ప్రోగ్రాం నడవకముందే తప్పులు పట్టుకుంటది, మా మేనత్త పెండ్లి మొదలుగాకముందే పట్టుకున్నట్టు. దాని కోసం ఒక వెబ్ ఫ్రేమ్‌వర్క్ దొరికింది. ఫ్రేమ్‌వర్క్ అంటే స్లాబుకు ముందు కొట్టే సెంట్రింగు అనుకోండ్రి. చెక్కలు నిలబెట్టే ఉంటయి, మనం మాలు పోసుకుంటె చాలు. పైగా ఓపెన్ సోర్సు. ఏయే దేశాలోళ్లో ఖాళీ టైంల రాసి, ఎవరికి కావాలంటె వాళ్లు తీస్కపోండ్రి అని బయట పెట్టిన్రు. బాపుకు నమ్మబుద్ధి కాలే.

"ఊకెనే ఇస్తున్నరా? నీళ్లు కలిపిన్రేమో సూడు."

పేజీ తయారయినంక బాపుకు చూపించిన. పేరు రాసేందుకు ఒక గడి, లీటర్లకు ఒక గడి, కింద ఒక బటన్. బాపు ఫోన్ దగ్గరికి పెట్టి చూసిండు, దూరం పెట్టి చూసిండు.

"కొసరు ఏడుంది?"

కొసరంటే కొలత పోసినంక మీదికెల్లి పోసే చుక్క. దానికో పద్ధతుంది. కొనేటోళ్లు నోరు తెరిచి అడగరు, గిన్నె మాత్రం జరపరు. బాపు భూమి రాసిచ్చినట్టు ఒక నిట్టూర్పు విడిచి కొంచెం వంపుతడు. గప్పుడు గిన్నె జరుగుతది. 

"కొసరు ఎవరన్న ఆర్డర్ పెడతరా బాపు?"

"లేకుంటె హోటల్ భాయ్ ఒప్పుకోడు. గాయన పోయిండంటె మూడు బర్రెలు అమ్ముకోవాలె. ఏది అమ్ముదామో నువ్వే చెప్పు."

హోటల్ భాయ్ మా మూలమీది చాయ్ హోటలాయన. ఇరవై ఏండ్ల సంది రోజుకు ఇరవై లీటర్లు మా దగ్గరనే తీసుకుంటడు. ఈ మధ్య ఒక పాకెట్ పాల ఏజెంటు రోజు పోయి ఆయన పక్కన కూసుంటుండు. బాపు ఫికర్ అంతా గదే.

సరే అని ఫ్రేమ్‌వర్క్ వాళ్ల చర్చల పేజీల అడిగిన. "మా దగ్గర కొలత మీద కొంచెం ఎక్కువ పోసే ఆచారం ఉంది. దాన్ని ఎట్ల రాయాలె?" ఫ్రేమ్‌వర్క్‌ను చూసుకునే ఒకాయన, ఏదో చలి దేశంకెల్లి, శానా మర్యాదగ జవాబిచ్చిండు. అది అంకెనా, అక్షరాలా? ఖాళీగ వదిలెయ్యొచ్చా?

పోయి అమ్మను అడిగిన.

"ఖాళీగ ఎట్ల వదులుతర్రా? కొసరు లేకుంట పోస్తె జనం ఏమనుకోవాలె?"

"ఎంత ఉంటదమ్మా?"

"గింత," అని చిటికెన వేలు సగం చూపించింది.

అంకెనే, తప్పనిసరి, అని రాసిన. ఇంకొకాయన వచ్చి, సున్నా కంటె తక్కువ కూడా ఉండొచ్చా అని అడిగిండు. బాపుకు చదివి వినిపిస్తె, "అసొంటోళ్లు గూడ ఉన్నరు బిడ్డా," అన్నడు బాధగా.

గట్ల మూడో గడి పెట్టిన. కొసరు, మిల్లీలీటర్లల్ల, అంకె లేకుంటె ఆర్డర్ పోదు. మొదటి సాయంత్రం ఇండ్లోళ్లందరు నింపిన్రు. నల్లగేటు ఇంటి అక్క వెయ్యి రాసింది, అది నేనే సున్నా చేసిన. నేను మిద్దె మీద కాలు మీద కాలేసుకొని, "బాపు, ఇగ ఏదీ మనసుల పెట్టుకోకు. ఫోన్ల ఉన్నదే పొయ్యి," అన్న. నా జీవితంల నేను ఇచ్చిన అతి తెలివి తక్కువ సలహా ఇదే. ఆయన విన్నది గూడ ఇదొక్కటే.

హోటల్ భాయ్ కూడా నింపిండు. ఇరవై లీటర్లు రాసిండు. కొసరు గడిల "ఆప్ కీ మర్జీ" అని రాసిండు, అంటే మీ ఇష్టం అని. తమీజ్, మర్యాద ఉన్న మనిషి కొసరుకు అంకె రాయడు గద. ఫ్రేమ్‌వర్క్‌కు తమీజ్ లేదు. అంకె కావాల్సిన చోట అక్షరాలేందని ఆర్డర్‌ను వాపస్ కొట్టింది. తెల్లటి పేజీ మీద 422 అని తప్పు నంబరు చూపించింది. భాయ్ దాన్ని టోకెన్ నంబరు అనుకున్నడు. గల్లా పక్కన గోడ మీద చాక్‌పీసుతోటి జాగ్రత్తగ రాసి పెట్టుకున్నడు.

తెల్లారి ఫోన్ల భాయ్ పేరు లేదు. బాపు నా మాట మీద ఇరవై లీటర్లు ఫలక్‌నుమా మిఠాయాయనకు పోసిండు. ఆరు గంటలకు నా ఫోన్ మోగింది.

"మియాఁ, నా నంబర్ చార్ సౌ బాయీస్. దూద్ కహాఁ హై?"

నాలుగు వందల ఇరవై రెండు అనంగనే విషయం సమజయింది. మిఠాయాయనకు ఫోన్ కొడితె పాలు అప్పటికే కోవా అయితున్నయి. బాపు తిట్టలే. ఖాళీ క్యాన్ తీసి స్కూటర్ ముందట పెట్టిండు.

"ఎక్కు."

"ఏడికి?"

"ఇండ్లల్ల పోసిన పాలు వాపస్ తెద్దాం."

రస్ట్‌ల ఒక కాయిదా ఉంది. ఒక వస్తువును ఒకరికి అప్పజెప్పినంక మల్ల ముట్టుకోనియ్యదు. బాపు ఆ భాష నేర్చుకోలే, మంచిదయింది.

"అక్కా, కాగబెట్టినవా?" మొదటి ఇంటి ముందట బాపు అడిగిండు.

"పొయ్యి మీద పెడుతున్నన్నా."

"ఆపు ఆపు! సగం వాపస్ పొయ్యి."

"అయ్యో, పాలల్ల ఏమన్న పడ్డదా?"

"ఏం పడలే. మావోడు కంప్యూటర్ చదివిండు."

ఆమె నా దిక్కు జాలిగా చూసి సగం పోసింది. నల్లగేటు అక్క గిన్నె ఎనకకు దాచి, "వెయ్యి కొసరు రాస్తె ఒక్క చుక్క రాలే. ఉన్నయి గూడ గుంజుకపోతున్నరా?" అని లొల్లి పెట్టింది. అయినా పావు లీటరు ఇచ్చింది. ఇరవై మూడు ఇండ్లు తిరిగితె పద్నాలుగు లీటర్లు అయినయి.

హోటల్‌కు పొయ్యేసరికి ఏజెంటు పాకెట్ల ట్రేతోటి గల్లా పక్కనే ఉన్నడు. బాపు పద్నాలుగు లీటర్లు కొలిచి, జరిగిందంతా చెప్పిండు, నేను తప్పు జేసిన ముచ్చట రెండుసార్లు. తక్కువ పడ్డ ఆరు లీటర్లకు భాయ్ ఏజెంటు పాకెట్లు చింపించిండు. రెండు పాలు కలిపి చాయ్ పెట్టిన్రు. భాయ్ సాసర్ల పోసుకొని తాగి కండ్లు మూసుకున్నడు. మా మూడు బర్రెలు నా కండ్ల ముందట తిరిగినయి. ఏజెంటు పెన్ను తీసిండు.

"చార్ సౌ బీస్ కంటె రెండు ఎక్కువ నంబర్ వస్తె నాకే డౌట్ రావాలె," అన్నడు భాయ్ కండ్లు తెరిచి. తర్వాత ఏజెంటు దిక్కు తిరిగిండు. "మీ పాకెట్లు మంచిగున్నయి. మగర్ తక్కువ పడ్డదని మీ కంపెనీ ఇల్లిల్లు తిరుగుతదా?"

ఏజెంటు పెన్ను జేబుల పెట్టుకున్నడు.

"దూద్ మీదే. లేకిన్ నేను ఫోన్ల రాయ. రోజు సాయంత్రం ఎవరో ఒకరు ఈడికొచ్చి అడగాలె."

బాపు నా దిక్కు చూసిండు. నేను ఎనకకు తిరిగి చూసిన. ఎవరు లేరు.

"ఎన్ని గంటలకు రావాలె భాయ్?"

"అసర్ నమాజ్ అయినంక. కూసో, చాయ్ తాగి పో."

తాగిన. పాకెట్ పాలు కలిసి పల్చగనే ఉండె.