టీచరు గారి వీధిలో లెవెల్

కోనసీమ వేరే జిల్లా అయిన ఏడాది, వేసవి చివర్లో, నన్ను రాజోలు వైపు ఒక మండలానికి అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. పల్లెల్లో రోడ్లు, సైడు కాలువలు, చిన్నచిన్న భవనాలు చూసే శాఖ మాది. రిటైర్మెంటు దగ్గరపడినవాణ్ని ఎక్కడికి వేసినా ఒకటే కాబట్టి నేనూ ఏమీ అనలేదు. చేరగానే ఒక ఊళ్లో, ఒకే ఒక్క వీధికి సిమెంటు రోడ్డు వేసే పని అప్పగించారు. ఎస్టిమేటు అప్పటికే మంజూరై ఉంది. పాత రోడ్డు మీదే ఇంకో పొర సిమెంటు పొయ్యాలి. ఇంతకంటే చిన్న పని మా శాఖలో ఉండదు.

ఆ పని సంగతి చెప్పేముందు లెవెల్ అనే మాట గురించి కొంచెం చెప్పాలి. నా ఉద్యోగమంతా దాంతోనే గడిచింది. మూడుకాళ్ల స్టాండు మీద బిగించి, ఒక కన్ను మూసుకుని చూసే పరికరాన్ని లెవెల్ అంటాం. దూరంగా ఒక మనిషి అంకెలు రాసిన పొడవాటి కర్ర నిలబెట్టి పట్టుకుంటాడు. ఆ కర్రని స్టాఫ్ అంటాం. దాని మీద కనిపించిన అంకెను బట్టి నేల ఎంత ఎత్తులో ఉందో లెక్క కడతాం. ఆ ఎత్తూ లెవెలే. మేస్త్రీ గచ్చు సమానంగా చేస్తే లెవెల్ చేశాడంటారు. ఇద్దరు పోట్లాడుకుంటే మధ్యలో పెద్దమనిషి చేసేది కూడా లెవెల్ చెయ్యడమే. కొత్త బండి కొన్న కుర్రాడు పలకరింపులు మానేస్తే లెవెల్ కొడుతున్నాడంటారు. మా ఆఫీసులో ఏదైనా ఫైలు కదలకపోతే అది పై లెవెల్లో ఉందని అర్థం. రైల్వేవాళ్లకి లెవెల్ క్రాసింగ్ అని ఒకటుంది. మా వైపు రైలు లేదు కాబట్టి దానితో మాకు ఇబ్బంది రాలేదు. మిగతా అర్థాలన్నీ ఆ వీధిలో నాకు పనికొచ్చాయి.

మా ప్రాంతంలో ఇల్లు కట్టేవాడు ముందు చూసేది పక్కింటి పునాది. తనది దానికంటే ఒక మెట్టయినా పైన ఉండాలి. గట్టి వాన పడితే నేల నీళ్లు తాగలేని ఊళ్లు కాబట్టి ఇందులో తెలివి లేకపోలేదు. అయితే ఆ తర్వాత కట్టేవాడు ఇంకో మెట్టు పైకి వెళ్తాడు. ఈలోగా మావాళ్లు రోడ్డు మీద ఒక పొర వేస్తారు. దానికి తగ్గట్టు ఇంకొకాయన మెరక తోలించి, అంటే మట్టి పోయించి స్థలం ఎత్తు చేసి మరీ కడతాడు. వీధి మొత్తం ఇలా మెల్లగా ఆకాశం వైపు ప్రయాణం చేస్తూ ఉంటుంది. దిగడం మాత్రం నేను ఎక్కడా చూడలేదు.

ఈ ప్రయాణంలో అందరికంటే ముందున్నది సత్తిరాజు గారి ఇల్లు. ఆయన కొబ్బరికాయల వ్యాపారి, మర్యాదస్తుడు. గేటు నుంచి రోడ్డు మీదికి ఉన్న ర్యాంపు గోడకి నిచ్చెన వేసినట్టుండేది. ఇంత ఎత్తెందుకని అడిగితే, ‘‘ఇక ముందు ఎయ్యబోయే రెండు రోడ్లకి కూడా సరిపోవాలని పెట్టించేనండి’’ అన్నారు. మా శాఖ భవిష్యత్తు మీద నాకు లేని నమ్మకం ఆయనకుంది.

ఆయన ఎదురిల్లు సువార్త టీచరు గారిది. ఆవిడ ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. తండ్రి కట్టించిన పెంకుటిల్లు. వీధిలో మొదట కట్టిన ఇల్లు అదే కావడంతో అన్నిటికంటే కింద మిగిలిపోయింది. మిగతా ఇళ్లకి మెట్లెక్కి వెళ్తే, ఆవిడ ఇంటికి రోడ్డు మీంచి మెట్లు దిగి వెళ్లాలి. భర్తకి పక్షవాతం, మంచం మీదే ఉంటారు. ఆ మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఉన్నాయి. కిందటి వానాకాలం నీళ్లు గదిలోకి వచ్చి ఇటుకల్ని దాదాపు ముంచేశాయట.

నేను మొదటిసారి వీధి చూడ్డానికి వెళ్లినప్పుడు ఆవిడ నన్ను లోపలికి పిలిచి, మంచినీళ్లిచ్చి, ఆ మంచం చూపించారు. ‘‘ఇంకో పొర ఎయ్యకండి బాబూ. ఈసారి నీళ్లు పరుపు దాకా వచ్చేస్తాయి. ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టే శక్తి నాకు లేదు. ఈ ఇల్లు వదిలేసి ఎక్కడికి పోతామండి?’’ అన్నారు. పాఠం చెప్పినంత నెమ్మదిగానే అన్నారు. నేను గ్లాసు కింద పెట్టి, ఇటుకల ఎత్తు కొలిచి రాసుకున్నాను.

మర్నాడు పరికరం తెప్పించి, వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా లెవెల్స్ తీశాను. మంజూరైన పనికి అది అవసరం లేదు. ఎండలో గొడుగేసుకుని నేను కర్ర వైపు చూస్తూంటే, వీధిలోవాళ్లు నా వైపు చూశారు. తేలిందేమిటంటే, రోడ్డుకి రెండు పక్కలా, వీధి చివరి తూములోకి పోయే కాలువలున్నాయి గాని వాటి మీద ప్రతి ఇంటివాళ్లూ ర్యాంపు పోసుకున్నారు. కింద గొట్టం పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. కాలువ మూసుకుపోతే వాన నీళ్లు రోడ్డు మీద ప్రయాణం చేస్తాయి. రోడ్డు టీచరు గారి ఇంటి ముందు అన్నిటికంటే పల్లం. నీళ్లు అక్కడ చేరి, ఆవిడ వాకిట్లోకి దిగి, ఇంటి పక్క సందులోంచి వెనకున్న బోదెలో, అంటే చిన్న మురుగు కాలువలో పడుతున్నాయి. వీధి నీళ్లకి వేరే దారి లేదు.

వీధిలోవాళ్లని సత్తిరాజు గారి అరుగు మీద కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పాను. పాత రోడ్డు తవ్వి తీసేసి, కొత్తది దిగువన వేస్తామనీ, ర్యాంపులు కొట్టేసి కాలువ తెరుద్దామనీ అన్నాను. అందరూ శ్రద్ధగా విన్నారు. ఆయ్, ఆయ్ అంటూ తలలూపారు. ఆ తర్వాత సత్తిరాజు గారు, రోడ్డు దిగితే తన ర్యాంపు మీద కారు ఎక్కదని చెప్పారు. మిగతావాళ్లకి బళ్లు ఎక్కవట. ‘‘నీళ్లు ఎప్పుడూ అటే ఎల్తాయి కదండీ. ఇప్పుడు కొత్తగా ఏవొచ్చింది?’’ అన్నారాయన. అందులో ఏ దురుద్దేశమూ లేదు. ఆవిడ ఇల్లు కాలువగా మారి చాలాకాలం కావడంతో, అది ఇల్లన్న సంగతి వాళ్లకి తట్టడం మానేసింది.

మా డిప్యూటీ ఇంజనీరు గారికి విషయం చెప్పాను. పాత రోడ్డు తవ్వాలంటే ఎస్టిమేటు మార్చాలి. మార్చాలంటే ఊరు ఒప్పుకోవాలి. ‘‘ముందు అక్కడ లెవెల్ చేసుకుని రండి, తర్వాత చూద్దాం’’ అన్నారు. ఏ అర్థంలో అన్నారో అడగలేదు.

తిరిగి వెళ్లి టీచరు గారికి నా వల్ల కాలేదని చెప్పాను. చెప్పడానికి సిగ్గేసింది. ఆవిడ నిష్ఠూరమాడలేదు. ఒకటే ప్రశ్న అడిగారు. తన వాకిలీ, పక్క సందూ రోడ్డు కంటే ఎత్తుగా మెరక చేయిస్తే నీళ్లు ఎక్కడికి పోతాయి అని. ఎక్కడికీ పోవు, రోడ్డు మీదే నిలుస్తాయి అన్నాను. ‘‘ఆయ్’’ అన్నారు. అడిగినదానికి ఇంజనీరుగా జవాబు చెప్పానే గాని సలహా ఇవ్వలేదు. ఈ తేడాను మా డిప్యూటీ ఇంజనీరు గారికి తర్వాత చాలాసార్లు వివరించాల్సి వచ్చింది.

ఆ వారంలోనే ఆవిడ ఇంటి ముందు మట్టి ట్రాక్టర్లు ఆగాయి. వాకిలి, సందు రెండూ రోడ్డు కంటే పైకి లేచాయి. తన స్థలంలో తను మట్టి పోయించుకోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. పైగా ఆ వీధిలో అందరూ చేసిన పనే అది. మెరక తోలిస్తున్నారా అని దారిన పోయేవాళ్లు పలకరించి, మంచి పని చేస్తున్నారని మెచ్చుకున్నారు కూడా.

తొలకరి బాగా పడింది. నేను వెళ్లేసరికి వీధి చెరువులా ఉంది. టీచరు గారి గది పొడిగా ఉంది. సత్తిరాజు గారి ఇల్లూ తడవలేదు, అంత ఎత్తు మీద తడవడానికి వీల్లేదు. కాని లారీలకి అందాలని ఆయన కాయల కొట్టు రోడ్డు మట్టానికే కట్టించుకున్నారు. అందులో ఎండబెట్టి ఉంచిన కొబ్బరి నానిపోయింది. ఇంట్లో మరుగుదొడ్డి నీళ్లు తీసుకోవడం మానేసి, ఉన్నవి వెనక్కివ్వడం మొదలుపెట్టింది. ఇది ఆయన నాతో చెప్పలేదు. గేటు దగ్గర నిలబడగానే తెలిసింది.

మర్నాడు వీధి వీధంతా మా ఆఫీసుకొచ్చింది. సత్తిరాజు గారే మాట్లాడారు. ‘‘మీరు ఆరోజు చెప్పిందే చేసేయండి. ఈలోగా ఆవిడ ఆ సందు ఒక్కటీ తవ్వించేలా మీరో మాట చెప్పండి’’ అన్నారు. నేను మధ్యవర్తిగా వెళ్లాను. టీచరు గారు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. ‘‘కాలవ తెరిచి, రోడ్డు దించేక తీయించేస్తానండి. అందాకా అందరం సర్దుకుందాం. నేను ఇన్నేళ్లు సర్దుకోలేదేంటి?’’ అన్నారు. గొంతు పెంచలేదు. ఆ మాట అలాగే తీసుకెళ్లి అప్పజెప్పాను.  

ఆ సాయంత్రమే సత్తిరాజు గారు మనుషుల్ని పెట్టి తన ర్యాంపు తనే కొట్టించారు. మిగతావాళ్లు ఆయన వెనకే మొదలుపెట్టారు. కాలువ తెరుచుకున్నాక వీధి నీళ్లు చివరున్న తూము వైపు నడిచాయి. ఊరంతా సంతకాలు పెట్టిన అర్జీ ఉండటంతో మారిన ఎస్టిమేటు పై లెవెల్లో ఎక్కడా ఆగలేదు. పాత రోడ్డు తవ్వితే దాని కింద ఇంకో రోడ్డు, దాని కింద మరో రోడ్డు బయటపడ్డాయి. అన్నీ తీసేశాం. పని పూర్తయ్యాక టీచరు గారు మాట ప్రకారం మట్టి తీయించి, వాకిట్లో మంచం వేయించి భర్తని బయట కూర్చోబెట్టారు. నేను ఆఖరిసారి వెళ్లినప్పుడు ఆ మంచం కింద ఇటుకలు లేవు. చాలా సంతోషమనిపించింది.

ఒక్క చోట తీసిన లెవెల్‌కి అర్థం లేదని, రెండో చోట తీస్తేనే ఏది ఎత్తో ఏది పల్లమో తెలుస్తుందని కాలేజీలోనే నేర్పారు. పల్లంలో ఉన్నవాళ్లు మిగతా అందరి పనీ చేస్తూ ఉంటారనీ, వాళ్లు ఆపేదాకా అది పనిగా లెక్కకి రాదనీ ఆ వీధిలో నేర్చుకున్నాను. అప్పటికి నాకు కొద్దినెలల సర్వీసే మిగిలింది. ఆ నెలల్లో ఏ వీధికి వెళ్లినా అందరికంటే కింద ఉన్న ఇల్లేదో ముందు కనుక్కుని, స్టాఫ్‌ని మొదట ఆ గుమ్మంలో పెట్టించేవాణ్ని.