నూనె పడకూడని చోటు

మా వదిన పోలీసు ఆయుధాగారంలో పిస్తోళ్లు బాగుచేస్తుంది. ఆమె బల్ల పక్కనే కూర్చుని ఆమె నివేదికలు టైపు చేసేది నేను. వదిన ఏది ఆగినా ముందు విప్పదీసి, ఆ తర్వాతే మాట్లాడే మనిషి. అన్నయ్య చేతి గడియారం ఇప్పటికీ నాలుగు డబ్బాల్లో ఉంది.

ఆ ఉదయం బల్ల మీదికి వచ్చిన పిస్తోలు ఒక కానిస్టేబులుది. స్టేషను మెట్ల మీద చేయిజారి పడి పేలింది. తూటా గోడలో దిగింది కాబట్టి సరిపోయింది. ట్రిగ్గరు మీద వేలు పెట్టలేదని అతనంటాడు. పెట్టకుండా ఎలా పేలుతుందని పై అధికారి అంటాడు. వదిన రాసేదాన్నిబట్టి అతని ఉద్యోగం ఉండటమో, ఊడటమో. ఆరడుగుల ఆ కానిస్టేబుల్ని అందరూ బుల్లోడంటారు. ఆ రోజు గుమ్మం దగ్గర నిజంగానే బుల్లోడిలా నిలబడ్డాడు.

నాకు ఆరాటం ఆగలేదు. "కిందపడితే ఇవి పేలతాయా వదినా?"

"పేలకూడదు. అందుకేగా లోపల ఇన్ని అడ్డుకట్టలు!" తూటాలు తీసేసిన పిస్తోలు తిప్పి, ట్రిగ్గరు మధ్యలో ఉన్న సన్నటి మీట చూపించింది. "వేలు దీన్ని నొక్కితేనే ట్రిగ్గరు కదులుతుంది. లోపల తూటాని కొట్టి పేల్చే సూదిని ఒక కొక్కెం పట్టుకుని ఉంటుంది. ఆ కొక్కెం జారినా, సూదికి అడ్డంగా ఒక బుడిపె ఉంటుంది. ట్రిగ్గరు పూర్తిగా లాగితేనే అది పైకి లేచి దారి ఇస్తుంది."

"మన బీరువాకి కూడా ఇన్ని లేవు."

"ఉండుంటే మీ అన్నయ్య తాళంచెవులన్నీ పారేసుకునేవాడు."

పై భాగం ఊడదీసి, సూదిని బొటనవేలితో ముందుకు తోసింది. బుడిపె ఆపాలి. కానీ సూది మొన తాపీగా బయటికి వచ్చింది.

బుడిపె పైనే ఇరుక్కుపోయి ఉంది. చుట్టూ నల్లటి జిగురు. కొక్కెం అంచు కూడా అరిగింది. కిందపడ్డ దెబ్బకి అది జారితే, ఆపేందుకు ఇంకేమీ మిగల్లేదు.

"ఈ సూది గొట్టంలో నూనె పోశావా?" అంది వదిన, బుల్లోడి వైపు చూసి.

"వారం వారం పోస్తున్నా మేడమ్. కుట్టుమిషను నూనె."

"ఇక్కడ చుక్క కూడా పడకూడదయ్యా! మసి పట్టి గడ్డకడుతుంది. ఎవరు పోయమన్నారు?"

"పోయినసారి తనిఖీలో మీరే మేడమ్... ఎండిపోయింది, నూనె వేసుకో అన్నారు."

వదిన పిస్తోలు బల్ల మీద పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి నివేదిక చెప్పసాగింది. "ట్రిగ్గరు నొక్కకుండానే పేలింది. నూనె వేయమన్నది నేను. ఎక్కడ వేయకూడదో చెప్పలేదు. కొక్కెం అరుగుదల కూడా నేను చూడలేదు."

టైపు మిషను మీద నా వేళ్లు ఆగిపోయాయి. "చివరి మూడు మాటలూ అవసరమా వదినా?"

"కొట్టు."

కొట్టాను. ఆమె మీద నాకు కోపమూ వచ్చింది, గర్వమూ కలిగింది. వదిన సంతకం చేసి, అరిగిన కొక్కెం మార్చి, బుడిపెని శుభ్రంగా తుడిచి, తిరిగి పెట్టి, బుల్లోణ్ణి దగ్గరికి పిలిచింది.

"ఇప్పుడు నువ్వు తోయి."

తోశాడు. సూది బయటికి రాలేదు.

"మరి మీకేమవుతుంది మేడమ్?"

"తెలీదు. ఇంకోసారి తోయి."