నంద్యాలలో నా అలక

నంద్యాల చిత్రకళా ప్రదర్శనలో నా బొమ్మను చేతులు కడుక్కునే కుళాయి పక్కన తగిలించారు. రాజమండ్రి నుంచి బస్సులో అంత దూరం వచ్చినవాడికి ఇచ్చే మర్యాద ఇదేనా అని అడిగాను. వేరే గోడ ఖాళీ లేదన్నారు. అయితే మీ భోజనం నాకొద్దని వసారాలో కూర్చున్నాను.

ప్రదర్శన పెట్టిన ఆళ్లగడ్డ శిల్పి మళ్లీ మళ్లీ వచ్చి, "దా అన్నా, రెండు ముద్దలు తిందువు" అని పిలిచాడు. నేను కదల్లేదు.

సాయంత్రమైనా, ప్రదర్శనలో భాగంగా ఆడతామన్న చెక్కభజన మొదలుపెట్టలేదు. దానికీ తప్పుపట్టాను. అప్పుడు భజన బృందంలోని ముసలాయన నా దగ్గరికొచ్చాడు.

"నీ అలక ఎప్పుడు తీరుతాది సామీ? ఆకలికి మావోళ్లు అడుగెయ్యలేకుండా ఉండారు."

"మీరింకా తినలేదా?"

"బయటూరి నుంచి వచ్చినోడు పస్తుంటే మేమెట్ల తింటామప్పా? వండిన ఆడోళ్లు గూడా తినలే."

సిగ్గుతో తలెత్తలేక లేచి వెళ్లాను. సంగటి చల్లారి గట్టిపడింది. శిల్పి భార్య ముందు నాకే వడ్డించింది.

నా బొమ్మను అక్కడ పెట్టడం తప్పేనని ఇప్పటికీ అంటాను. కానీ ఆ పూట నేను మొదటి ముద్ద మింగేదాకా, ఆ పంక్తిలో ఒక్కరి చెయ్యీ విస్తరి మీదికి పోలేదు.