ఆఫీసరు తాగిన తియ్యటి నీళ్లు

సర్కారు నుయ్యి మా ఊరికి ఎంత పనికొచ్చిందో, ఇంకోటి కావాలో కనుక్కోవడానికి ఇవాళ ఒక ఆఫీసరు వచ్చాడు. నౌపడ ఉప్పుమళ్ల పక్కన తవ్విన నుయ్యి అది. నీళ్లు నోట పెట్టలేం. ఆయన మా అరుగు మీద కూర్చుని, జన్మలో బిందె ఎత్తని మగాళ్లనే వరసగా అడిగాడు. తవ్వించిన కాంట్రాక్టరు ప్రెసిడెంటు బావమరిది, ప్రెసిడెంటేమో పక్కనే ఉన్నాడు. అందరం "బాగున్నాది బాబూ" అన్నాం.

నోటితో చెప్పలేనిది నీళ్లతో చెప్పిద్దామని ఆ నూతి నీళ్లే గ్లాసుతో తెచ్చాను. గుమ్మంలోనే మా ఆవిడ లాక్కుంది.

"ఇంటికొచ్చినోడికి ఉప్పునీళ్లేటి మావా? సిగ్గునేదా?"

"ఒసే, ఆడు తాగితేనే నీకు మంచి నుయ్యొస్తాది."

"నా నడుం ఇరిగినా సరే, నా ఇంట్లో అలగ జరగదు."

పొద్దున్నే పొరుగూరి నుంచి తను మోసుకొచ్చిన మంచినీళ్లిచ్చింది. ఆయన గటగటా తాగి, "ఇంత తియ్యటి నీళ్లుండగా మీకు ఇంకో నుయ్యెందుకయ్యా" అని జీపెక్కాడు.

ఇప్పుడే ఆవిడ నడుముకి ఆముదం రాసి వచ్చి కూర్చున్నాను. రేపూ తను నీళ్లకి పొరుగూరికే వెళ్లాలి. అతిథికి ఉప్పునీళ్లివ్వగల ఇల్లాలు మీలో ఎవరింట్లోనైనా ఉంటే చెప్పండి, ఈసారి ఆఫీసర్ని అక్కడే దింపుతాను.