రూప తిన్న పిజ్జా

జూబ్లీహిల్స్‌లో ఈమధ్య బాగా పేరొచ్చిన ఆ రెస్టారెంటు తలుపు తీయగానే ఎర్రగా కాలిన చీజ్ వాసన, దాని వెనకే ఉడికిన టమాటా పులుపు వచ్చి ముక్కుకు తగిలాయి. ఆకలి వేయాల్సింది పోయి కడుపులో పాత మంట లేచింది. పక్కనే మా బాబాయి కూతురు రూప ఉంది.

ఫిల్మ్‌నగర్‌లో మేం పెరిగిన గల్లీలో నాన్నా బాబాయీ సినిమావాళ్ళకు బట్టలు కుట్టేవారు. బండరాళ్ళ మీద జారి మేం గౌన్లు చింపుకుంటే, మిగిలిన జరీ ముక్కలతో అతుకులు వేసేవారు. గౌన్లకంటే అతుకులే మెరిసేవి. ఓ సినిమా పాటకు చిన్నపిల్ల కావాలంటే ఇద్దరం వెళ్ళాం. గ్రంథాలయంలో బట్టీపట్టిన పద్యాలన్నీ నేను తడబడకుండా అప్పజెప్పాను. రూప ఊరికే నవ్వింది. షూటింగుకు రూపనే షికాగో తీసుకెళ్ళారు.

బతుకమ్మ రోజులకు తిరిగొచ్చింది. తంగేడు పూల పచ్చి వాసన మధ్య, ఆట అయ్యాక పెరుగు సద్ది, మలీద ఉండలు పంచుకు తింటూ గల్లీ ఆడవాళ్ళంతా రూప చుట్టూ చేరారు. షూటింగ్ లేని రోజు వాళ్ళమ్మా తనూ పేరున్న ఓ హోటల్ ముందు గంటసేపు వరసలో నిలబడ్డారట. పిజ్జా నల్లటి ఇనప మూకుడులో వచ్చిందట. బెత్తెడు లోతు, చీజ్ కింద, టమాటా గుజ్జు పైన. కోస్తే తీగలు సాగి పిన్ని గాజులకు చుట్టుకున్నాయట. అందరూ తినడం ఆపి విన్నారు. నా చేతిలో మలీద ఉండ పొడైపోయింది.

మర్నాడు గ్రంథాలయంలో విజ్ఞాన సర్వస్వం తీయించాను. దాన్ని ఇంటికివ్వరు కాబట్టి పిజ్జా సంగతి నోటుబుక్కులో రాసుకుని, సాయంత్రం అందరి ముందూ చదివాను: పలుచని రొట్టె, కింద టమాటా, పైన చీజ్.

పక్కింటి యాదమ్మత్త నవ్వింది. "గిదేంది బిడ్డా, నువ్వు తిన్నది పిజ్జానా, పప్పు గిన్నెనా? జర మంచిగ యాది చేస్కో."

"నిజంగా తిన్నానత్తా," అంది రూప నన్ను చూస్తూ.

పండగ పోయేలోగా 'కోతల రూప' అయింది. ఆ ప్రయాణం గురించి మళ్ళీ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

విజ్ఞాన సర్వస్వంలో ఆ పేజీ చివర ఇంకో వాక్యం ఉంది, షికాగోలో మాత్రం లోతైన మూకుడులో, చీజ్ కింద వేసి కాలుస్తారని. అది నేను రాసుకోలేదు.

ఇప్పుడు మా బల్ల మీదికి మూకుడు వచ్చింది, ఎర్రటి గుజ్జు పైనే ఉంది. ఇన్నేళ్ళకు ఆ వాక్యం సంగతి నోరు విప్పి చెప్పాను.

"తెలుసక్కా," అంది రూప ముక్క కోస్తూ. "ఆ వారమే వెళ్ళి చూశాను. మీ అక్కా ఇదే చదివిందని లైబ్రేరియన్ గారే తీసిచ్చారు."

"మరి చెప్పలేదేమే?"

"చెబితే నీ చదువును ఎవరు నమ్ముతారు? నాకైతే షికాగో ఉంది. నీకు అదొక్కటేగా."

మా గల్లీ ఉన్నచోట ఇప్పుడు అపార్టుమెంట్ల కింద కార్లు నిలబెడుతున్నారు. తంగేడు పూలు ఎర్రగడ్డ మార్కెట్లో కొనుక్కోవాలి. గ్రంథాలయం గదిలో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఇన్నాళ్ళూ రూప తిన్న పిజ్జాకు కుళ్ళుకున్నాను. ఇక రూప ఆ పేజీ మొత్తం చదివి, పుస్తకం మూసి, ఇంటికొచ్చి నా పక్కనే అన్నం తిన్న ఆ సాయంత్రానికి కుళ్ళుకోవాలి.